మీరు వెళ్లిపోయాక ఆ క్లాసు ఎవరు చెబుతారు?

నేపాల్‌లో పోఖరా పైన కొండ మీద గురుంగ్ తెగవాళ్లుండే ఒక ఊరు. అక్కడి ప్రభుత్వ బడిలో మూడో తరగతికి మొదటిరోజు వెళ్లి, బ్యాగులోంచి రంగుల అట్టముక్కలు తీశాను. ఎర్రది పైకెత్తానో లేదో పిల్లలంతా ఒక్క గొంతుతో ‘రెడ్’ అని అరిచారు. నీలం చూపిస్తే ‘బ్లూ’. పసుపు ముక్క బ్యాగులో ఉండగానే ‘ఎల్లో’. ఆ వెంటనే ఒక పాప లేచి, నేను అడక్కుండానే ముక్కు, చెవి, మోకాలు అంటూ ఇంగ్లిష్‌లో చేత్తో చూపిస్తూ వరసగా అప్పజెప్పింది. రాత్రి కూర్చుని తయారుచేసుకున్న పాఠం ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయింది. వెనక బెంచీలో కూర్చుని నోట్‌బుక్స్ దిద్దుకుంటున్న క్లాసు టీచర్ తలెత్తి నవ్వింది. ఏడాదిన్నరలో ఆ క్లాసుకి నేను నాలుగో వాలంటీర్‌నని బెల్లు కొట్టాక చెప్పింది. ముందు వచ్చిన ముగ్గురూ రంగులతోనే మొదలుపెట్టారట.

ఆ పూటే ఒక పిల్లాడు నా పేరు కూడా అడగకుండా, “మిస్, కతి దిన్ బస్నుహున్ఛ?” అన్నాడు. ఎన్ని రోజులుంటారు అని. ఆరు వారాలన్నాను. తల ఊపి వెళ్లి తన చోట్లో కూర్చున్నాడు. వాడి ముఖంలో నిరాశ లేదు. వాడికి అలవాటైపోయిందనిపించింది. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన నాకు అక్కడ పుట్టింది.

కొన్నాళ్లు విదేశానికి వెళ్లి పేద పిల్లలకు పాఠాలు చెప్పాలి, ఆ ఊరికి ఏదైనా చెయ్యాలి అన్న కోరిక ఇప్పుడు మన తెలుగు కుర్రాళ్లలో, అమ్మాయిల్లో చాలామందికి ఉంది. అమెరికాలో చదివే పిల్లలైతే కాలేజీలో చేరకముందే ఒక ట్రిప్ వెళ్లొస్తున్నారు. దీన్ని గొప్ప సేవ అనేవాళ్లున్నారు, ఫొటోల కోసం చేసే టూరిజం అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటల మధ్య అసలు విషయం నలిగిపోతోంది. బడిలో చదువు చెప్పడం, పిల్లల హోమ్‌లో గడపడం, ఊరికి ఏదైనా కట్టివ్వడం మూడూ వేర్వేరు పనులు. మూడింటినీ ఒకే ప్యాకేజీలో కట్టి అమ్ముతుంటే మనకూ అన్నీ ఒకటేలా కనిపిస్తున్నాయి. నాకు కాస్త దగ్గరగా తెలిసిన దేశం నేపాల్ కాబట్టి అక్కడి సంగతులతోనే ఈ ముడి విప్పుతాను.

ఒకే మాట, రెండు ఏర్పాట్లు

ముందు వాలంటీర్ అన్న మాట చూద్దాం. మన దగ్గర విద్యా వాలంటీర్ అంటే, పోస్టు ఖాళీగా ఉన్న బడిలో గౌరవ వేతనం మీద పాఠాలు చెప్పే చుట్టుపక్కల ఊరి డిగ్రీ కుర్రాడో, బీఈడీ చేసిన అమ్మాయో. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 దాకా వాలంటీర్ అంటే ఇంటికొచ్చి పింఛన్ ఇచ్చే మనిషి. విదేశాలకు వెళ్లే వాలంటీర్ల విషయంలోనూ ఇలాగే ఒక మాట కింద రెండు వేర్వేరు ఏర్పాట్లున్నాయి.

మొదటిది దీర్ఘకాలం ఉండిపోయే పద్ధతి. బ్రిటన్‌లో వీఎస్ఓ (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) 1958లో, అమెరికా పీస్ కోర్ 1961లో, జపాన్ ప్రభుత్వ వాలంటీర్ల పథకం 1965లో, ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో మొదలయ్యాయి. పీస్ కోర్ సంగతే తీసుకుంటే, వాలంటీర్ పనిచేయబోయే దేశంలోనే సుమారు మూడు నెలలు ఒక కుటుంబంతో ఉండి అక్కడి భాష నేర్చుకుంటాడు. ఆ తర్వాత రెండేళ్ల పని. అతను ఎవరికీ ఫీజు కట్టడు, బతకడానికి సరిపడా భత్యం వస్తుంది. ఆ దేశ ప్రభుత్వం కోరితేనే వాలంటీర్లు వస్తారు, వద్దంటే వెళ్లిపోతారు. మన దేశానికీ 1961 నుంచి 1976 దాకా నాలుగు వేల మందికి పైగా వచ్చారు. నేపాల్‌కి 1962లో వచ్చారు, మావోయిస్టు యుద్ధం ముదిరాక 2004లో వెళ్లిపోయారు, 2012లో మళ్లీ వచ్చారు.

రెండోది ఇప్పుడు ఎక్కువగా కనిపించేది. వారం నుంచి రెండు మూడు నెలల దాకా ఉంటుంది. వాలంటీరే ఏజెన్సీకి ఫీజు కడతాడు. అందులో ఎయిర్‌పోర్ట్ నుంచి పికప్, బస, భోజనం, నాలుగు రోజుల భాషా శిక్షణ, చిత్వన్ అడవిలో ఒక వీకెండ్, చివర్లో సర్టిఫికెట్ ఉంటాయి. ఇలాంటి ఏజెన్సీలు నడిపేవాళ్లందరూ మోసగాళ్లు కారు. నిజాయితీగా చేసేవాళ్లనీ చూశాను. కానీ ఈ ఏర్పాటులో డబ్బు ఇచ్చేది వాలంటీర్ కాబట్టి ఏజెన్సీకి అతనే కస్టమర్. బడి కస్టమర్ కాదు. అందువల్ల ఎప్పుడు రావాలి, ఎన్నాళ్లుండాలి, ఏం చెప్పాలి అన్నవన్నీ వచ్చేవాళ్ల వీలును బట్టి నడుస్తాయి. బడికి ఎప్పుడు మనిషి కావాలో అడిగేవాళ్లు తక్కువ.

అక్టోబర్ నెలే చూడండి. అప్పుడు మబ్బుల్లేకుండా హిమాలయాలు కనిపిస్తాయి. ట్రెక్కింగ్‌కి అదే సీజన్, విదేశీయులు నేపాల్‌కి ఎక్కువగా వచ్చే నెలల్లో అదొకటి. నేపాలీలకు దశైఁ వచ్చేది కూడా అప్పుడే, అంటే మన దసరా. దాని వెనకే తిహార్, మన దీపావళి. మన ఊళ్లలో సంక్రాంతికి ఎలాగో అక్కడ దశైఁకి అలా కాఠ్మాండూ ఖాళీ అవుతుంది. బడులు వారాల తరబడి మూసేస్తారు. మరి ఫీజు కట్టి వచ్చిన వాలంటీర్‌ని ఎక్కడికి పంపాలి? పండగ రోజుల్లో కూడా తలుపు తెరిచి ఉండేది పిల్లల హోమ్ ఒక్కటే.

హోమ్‌లో ఉన్న పిల్లాడికి ఇంటి దగ్గర అమ్మ ఉంది

ఇది ఈ విషయంలో అన్నిటికన్నా బాధపెట్టే భాగం. అందుకే తొందరగా దాటి వెళ్లలేను.

1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో అంతర్యుద్ధం జరిగింది. హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల్లో మావోయిస్టులు ఇంటికొకరిని దళంలోకి పట్టుకెళ్తారేమోనని తల్లిదండ్రులు హడలిపోయారు. ఆ సమయంలో దళారులు వచ్చారు. మీ పిల్లాణ్ణి కాఠ్మాండూలో మంచి బడిలో చేర్పిస్తాం, క్షేమంగా ఉంటాడు అన్నారు. తల్లిదండ్రులు ఉన్న పొలం అమ్మి, అప్పు చేసి, ఎదురు డబ్బు ఇచ్చి మరీ పిల్లల్ని అప్పగించారు. ఆ తండ్రి ఆలోచన మనకి కొత్తేం కాదు. ఊళ్లో చదువు సాగదని పిల్లాణ్ణి సంక్షేమ హాస్టల్లో దింపి, బస్సెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూసే నాన్నలు మన జిల్లాల్లో ఎంతమంది లేరు! తేడా ఏమిటంటే, అక్కడ దళారి ఆ పిల్లాడి తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు పుట్టించాడు. అందుకే వీళ్లని కాగితాల అనాథలు అంటారు.

అనాథలుగా మారిస్తే లాభం ఏమిటంటే, అనాథల్ని చూడటానికి విదేశీయులు వస్తారు, డబ్బిస్తారు. నేపాల్ హోమ్‌లలో చాలా భాగం ఐదు జిల్లాల్లోనే ఉండటం ఇందుకే: కాఠ్మాండూ, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కీ, చిత్వన్. అవి పేదరికం ఎక్కువున్న జిల్లాలు కావు, టూరిస్టులు ఎక్కువగా వచ్చే జిల్లాలు. హోమ్‌లలోని పిల్లల్లో 85 శాతం వరకు తల్లి గానీ తండ్రి గానీ బతికే ఉన్నారని అక్కడ పిల్లల్ని ఇళ్లకు చేర్చే సంస్థలు లెక్క తేల్చాయి. కంబోడియాలో కూడా ఇదే కథ. అక్కడ 2005కీ 2010కీ మధ్య అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయని యూనిసెఫ్ చెప్పింది. ఆ ఐదేళ్లలో అంతమంది తల్లిదండ్రులు చనిపోలేదు. పెరిగింది టూరిస్టులు.

ఇంకో చేదు నిజం. పిల్లలు బాగా తిని, మంచి బట్టలు కట్టుకుని కనిపిస్తే దానం తగ్గుతుంది. కాబట్టి కొన్ని చోట్ల వాళ్లని కావాలనే బక్కగా, చిరుగు బట్టల్లో ఉంచారు. ఇక ప్రేమగా వచ్చి, రెండు వారాలు ఒళ్లో కూర్చోబెట్టుకుని, తర్వాత ఏడుస్తూ వెళ్లిపోయే వాలంటీర్ల సంగతి. రెండేళ్ల పిల్లకి వచ్చిన ప్రతి మనిషీ అమ్మలాగే అనిపిస్తుంది, ప్రతి అమ్మా వెళ్లిపోతుంది. మొదటిసారి చూసిన మనిషి మెడని కూడా గట్టిగా వాటేసుకునే పిల్లల్ని చూసి మనం ‘ఎంత ప్రేమో’ అని మురిసిపోతాం. అది తెగిపోయిన బంధాలకు గుర్తు అని పిల్లల మనసు చదివినవాళ్లు చెబుతారు.

2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చినప్పుడు దాదాపు 9,000 మంది చనిపోయారు. ఆ రోజు శనివారం, నేపాల్‌లో బడులకు సెలవు. వేల బడులు దెబ్బతిన్నా పిల్లలు వాటిలో లేరు. కానీ భూకంపం తర్వాత దళారుల భయం మళ్లీ పట్టుకుంది. తల్లిదండ్రులు వెంట లేకుండా, అనుమతి లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, విదేశీ దత్తతలు ఆపేసింది. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం చేసిన సందర్భంలో, పిల్లల్ని ఇలా అనాథాశ్రమాలకు తరలించడాన్ని కూడా ఒక రకం బానిసత్వంగా గుర్తించింది. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమాల్లో వాలంటీరింగ్ వల్ల పిల్లలకు జరిగే హాని గురించి తీర్మానంలో ప్రస్తావించింది.

దీని మీద నా అభిప్రాయంలో మెతకదనం లేదు. నేపాల్‌లో గానీ, ఇంకే దేశంలో గానీ పిల్లల హోమ్‌లో వాలంటీర్‌గా వెళ్లొద్దు. మంచి హోమ్ ఏది, చెడ్డది ఏది అని వెతుక్కోవద్దు. మంచి హోమ్ అయితే ముక్కూ మొహం తెలియని మిమ్మల్ని పిల్లల దగ్గరికి రానివ్వదు.

చదువు చెప్పాలంటే ముందు ఏ భాషలో?

బడి సంగతి ఇంత చీకటిగా లేదు, కానీ చిక్కు ఉంది. 2021 జనగణనలో నేపాల్‌లో 124 మాతృభాషలు లెక్కకొచ్చాయి. నేపాలీ మాతృభాషగా ఉన్నవాళ్లు 45 శాతం లోపే. నేను వెళ్లిన ఊళ్లో చిన్నపిల్లలు ఇంట్లో గురుంగ్ మాట్లాడతారు, బడిలో నేపాలీ నేర్చుకుంటారు, పుస్తకాలేమో ఇంగ్లిష్‌వి. ప్రైవేటు ‘బోర్డింగ్’ బడులకు పిల్లలు వెళ్లిపోతున్నారని అక్కడి ప్రభుత్వ బడులు ఒకదాని వెనక ఒకటి ఇంగ్లిష్ మీడియానికి మారాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ వాదన ఎలా నడిచిందో మనందరికీ తెలుసు కనక విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ మీడియం అని బోర్డు మారింది. పాఠం చెప్పే మనిషి, ఆమెకి వచ్చిన భాష మారలేదు.

ఇక్కడికి ఇంగ్లిష్ వచ్చిన విదేశీయుడు వస్తే దేవుడు పంపినట్టే అనిపిస్తుంది. కానీ భిన్నాలు అంటే ఏమిటో తెలియని పిల్లాడికి, వాడికి తెలియని భాషలో, వాడి భాష తెలియని మనిషి వచ్చి భిన్నాలు చెబితే ఏం అర్థమవుతుంది? రంగులు, పాటలు, ఆటలు మిగులుతాయి. ప్రతి వాలంటీరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే వెళ్లిపోవడానికి కారణం అదే. నేనూ అదే చేశాను.

రెండో వారంలో ఆ క్లాసు టీచరే దారి చూపింది. ఆమె నన్ను దిదీ (అక్క) అనేది, నేను బహినీ (చెల్లి) అనేదాన్ని. స్టాఫ్ రూంలో టీ తాగుతూ, “దిదీ, మీరు పిల్లలకి చెప్పొద్దు, నాకు చెప్పండి” అంది. ఆమెకి ఇంగ్లిష్ గ్రామర్ నాకన్నా బాగా వచ్చు. నోరు విప్పాలంటే టెన్షన్, అంతే. రోజూ బడి అయ్యాక గంటసేపు ఇద్దరం రేపటి పాఠం ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేవాళ్లం. పొద్దున ఆమె క్లాసు చెప్పేది, నేను వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఒకరోజు భిన్నాల పాఠం. ఆమె మకై (మొక్కజొన్న) రొట్టె ఒకటి తెచ్చి, పిల్లల ముందు నాలుగు ముక్కలు తుంచింది. గురుంగ్‌లో ఒక మాట, నేపాలీలో ఒక మాట, చివర్లో ‘వన్ ఫోర్త్’. ఒక ముక్కని మళ్లీ రెండు చేసి, ఇది ఎంత అంది. మొదటిరోజు నన్ను రోజులు అడిగిన పిల్లాడు వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఎనిమిదోది అన్నాడు, ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ పాఠం నేను వందేళ్లకీ చెప్పలేను.

బయటి మనిషి ఏ పనికీ రాడని నేను అనడం లేదు. బయటి మనిషి మాత్రమే ఇవ్వగలిగినవి కొన్ని ఉంటాయి. ఇది మనకి అనంతపురంలోనే కనిపిస్తుంది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ పని మొదలుపెట్టాడు. 2009లో చనిపోయేదాకా ఆ జిల్లాలోనే ఉన్నాడు. ఆయన పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థకి డబ్బు ఎక్కువగా స్పెయిన్‌లోని సామాన్య దాతల నుంచి వచ్చింది, ఊళ్లలో పనిచేసింది మాత్రం ఎక్కువగా మనవాళ్లే. ఆ సంస్థ అనంతపురంలో విదేశీ భాషల స్కూల్ పెట్టి, పల్లెల్లో డిగ్రీ చదివిన పిల్లలకి స్పానిష్, జర్మన్, ఫ్రెంచ్ నేర్పించింది. ఆ భాషలు మాతృభాషగా ఉన్నవాళ్లు వచ్చి పాఠాలు చెప్పారు. ఆ పని చేయగల మనిషి అనంతపురంలో దొరకడం కష్టం, కాబట్టి ఎవరి ఉద్యోగమూ పోలేదు. అదే స్పెయిన్ కుర్రాడు కదిరి దగ్గర ఊళ్లో ఒకటో తరగతికి అ ఆ లు దిద్దిస్తానంటే మనం ఒప్పుకుంటామా? నేపాల్ ఊరి తల్లిదండ్రులు మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

నేపాల్ తన పిల్లల్నే ఊళ్లకు పంపిన రోజులూ ఉన్నాయి. 1970లలో త్రిభువన్ విశ్వవిద్యాలయంలో పీజీ చేసేవాళ్లు ఒక ఏడాది పల్లెల్లో పనిచేస్తేనే పట్టా చేతికొచ్చేది. చాలామంది బడుల్లో పాఠాలు చెప్పారు. ఆ దశాబ్దం చివర్లో విద్యార్థి ఉద్యమం వచ్చాక ఆ పథకం ఆగిపోయింది. ఇప్పుడు టీచ్ ఫర్ నేపాల్ అక్కడి పట్టభద్రుల్ని రెండేళ్లపాటు ప్రభుత్వ బడులకు పంపుతోంది. అంటే చదువు చెప్పగల మనుషులు ఆ దేశంలో ఉన్నారు. వాళ్లని అక్కడ నిలబెట్టే జీతానికే కొరత.

దరబందీ లెక్క

ఈ జీతం సంగతి హెడ్ సార్ నాకు నల్లబల్ల మీద గీసి మరీ చెప్పారు. ప్రభుత్వం ఒక బడికి మంజూరు చేసిన పోస్టుల్ని నేపాలీలో దరబందీ అంటారు. ఆ బడిలో తొమ్మిది క్లాసులు, దరబందీ ఆరు. మిగతా ముగ్గురు ‘నిజీ స్రోత్’ టీచర్లు, అంటే బడి సొంతంగా డబ్బు పోగుచేసుకుని జీతమిచ్చేవాళ్లు. మన విద్యా వాలంటీర్లకు అన్నదమ్ముల వరస. బహినీ ఆ ముగ్గురిలో ఒకరు. డబ్బు సర్దుబాటు కాని ఏడాది ఆమె ఉద్యోగం ఉండదు.

ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో విన్నప్పుడు నాకు ఆ ఊరి మీద గౌరవం పెరిగింది. కొంత అడవి నుంచి. 1993 అటవీ చట్టం తర్వాత నేపాల్‌లో ఊరి అడవుల్ని ఊరివాళ్ల సమూహాలకే అప్పగించారు. మన వన సంరక్షణ సమితుల లాంటివే, కానీ వాటికి అధికారం చాలా ఎక్కువ. ఇప్పుడు దేశమంతా 22,000 పైగా ఉన్నాయి. ఎండిన కట్టె, కలప అమ్మగా వచ్చిన దాంట్లోంచి చాలా ఊళ్లు టీచర్ జీతం ఇస్తున్నాయి. ఇంకొంత ఆమా సమూహ్ నుంచి. ఊరి తల్లుల సంఘం అది, మన డ్వాక్రా సంఘాన్ని చూసినట్టే ఉంటుంది. ఊరికి ఎవరైనా అతిథులొస్తే దండలు వేసి, ఆడిపాడి, చందా పోగుచేస్తారు. ఆ డబ్బుతో కొండదారికి రాళ్లు పరుస్తారు, బడికి రేకులు వేస్తారు. పళ్లెంలో అక్షింతలు, పూలు, పది రూపాయల నోట్లు. ఆ పళ్లెంలోంచే బహినీ జీతంలో కొంత వస్తోంది.

నేను ఏజెన్సీకి కట్టిన డబ్బులో బడికి ఎంత ముట్టిందని హెడ్ సార్‌ని అడిగాను. ఆయన మొహమాటపడి, బీరువా తెరిచి చూపించారు. రెండు డజన్ల నోట్‌బుక్స్, క్రేయాన్ పెట్టెలు. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కట్టిన ఫీజు నేపాలీ రూపాయల్లోకి మార్చి చూసుకుంటే బహినీకి చాలా నెలల జీతం. మన రూపాయికి అక్కడ 1.60. 1993 నుంచి ఆ రేటు మారలేదు, కాబట్టి లెక్క వేసుకోవడం తేలిక.

ఊరి అభివృద్ధి పనులకీ ఇదే లెక్క వర్తిస్తుంది. వాలంటీర్ల బృందం వచ్చి వారంలో మరుగుదొడ్డి కట్టేస్తుంది, గోడకి రంగులు వేస్తుంది. ఆ ఊళ్లో తాపీమేస్త్రీ ఉన్నాడు, అతనికి ఆ వారం కూలి పోయింది. మంచినీటి పైపు వేస్తే ఆరు నెలలకు లీకవుతుంది. వాషర్ మార్చే మనిషి ఎవరు, వాషర్‌కి డబ్బు ఎవరిస్తారు అన్నది పైపు వేయకముందే తేల్చుకోవాలి. అందుకే నేపాల్‌లో ఏ పనికైనా ముందు వాడుకునేవాళ్ల కమిటీ వేస్తారు. ఉపభోక్తా సమితి అంటారు. ఆ కమిటీ కాగితం లేకుండా ఎవరైనా ‘మేం మీ ఊరికి ఇది కట్టిస్తున్నాం’ అంటే అనుమానించాల్సిందే.

సరిగ్గా జరిగిన పని ఎలా ఉంటుందో చూడాలంటే ఖుమ్‌జుంగ్ దాకా వెళ్లాలి. ఎవరెస్ట్ దారిలో, 3,700 మీటర్ల పైన ఉన్న షెర్పా ఊరు అది. ఎవరెస్ట్ ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1960లో మళ్లీ అటు వెళ్లినప్పుడు, మీకేం కావాలని షెర్పాలని అడిగాడు. పిల్లలకి బడి కావాలన్నారు. 1961లో అల్యూమినియంతో చిన్న బడి లేచింది. హిల్లరీ తనే పాఠాలు చెప్పలేదు. షెర్పా భాష వచ్చిన టీచర్‌ని పెట్టించాడు. అక్కడితో వదిలెయ్యలేదు, 2008లో చనిపోయేదాకా ఆ బడి బాగోగులు చూస్తూనే ఉన్నాడు. అక్కడ చదువుకున్న తొలితరం పిల్లల్లో ఒకరైన మింగ్మా నోర్బు షెర్పా పెద్దయ్యాక ఆ ప్రాంతంలోని సాగర్‌మాథా నేషనల్ పార్కుకే వార్డెన్ అయ్యారు. అంత పేరు, అంత పరపతి ఉన్న మనిషి చేసింది ముఖ్యంగా మూడే పనులు: అడగడం, స్థానిక టీచర్‌కి జీతం కుదర్చడం, నలభై ఏళ్లకు పైగా తిరిగి తిరిగి వెళ్లడం.

మనవాళ్లు వెళ్లాలనుకుంటే

నేపాల్ విషయంలో మనకి ఇతరులకి లేని వెసులుబాటు ఉంది. 1950 భారత్-నేపాల్ ఒప్పందం వల్ల మనకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకి ఆధార్ ఒక్కటే సరిపోదు. మిగతా దేశాలవాళ్లు టూరిస్ట్ వీసా మీద జీతం తీసుకున్నా, తీసుకోకపోయినా పనిచేయకూడదు. ఏజెన్సీలు ఆ సంగతి చాలాసార్లు చెప్పవు. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న మన తెలుగు పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. వీసా లేకపోయినా మనకి అనుమతి అక్కర్లేదని కాదు. 2015 రాజ్యాంగం తర్వాత అక్కడ బడి చదువు 753 స్థానిక ప్రభుత్వాల చేతిలోకి వెళ్లింది, వాటిని పాలికలంటారు. బడి మేనేజ్‌మెంట్ కమిటీ రాసిన ఉత్తరం, పాలికకి తెలిసి ఉండటం, ఈ రెండూ ఉంటే మీరు గౌరవంగా వెళ్లినట్టు.

మనకి ఇంకో కలిసొచ్చే సంగతి తేదీల్లో ఉంది. నేపాల్ బడులు వైశాఖంలో, అంటే ఏప్రిల్ నడుమ, కొత్త విద్యా సంవత్సరం మొదలుపెడతాయి. మన బడులకేమో ఏప్రిల్ ఆఖరివారం నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. మన లెక్కల మాస్టారు, సైన్స్ టీచర్ ఎవరైనా ఆ ఏడు వారాలు అక్కడి టీచర్ల పక్కన కూర్చుని పనిచేయొచ్చు. పదో తరగతి చివర ఎస్ఈఈ పరీక్షలో అక్కడి పిల్లలు ఎక్కువగా తడబడేది లెక్కల్లో, సైన్స్‌లో, ఇంగ్లిష్‌లో. మనవాళ్లు చేయి తిరిగిన చోటు అదే. కాస్త హిందీ వస్తే పెద్దవాళ్లతో మాట కలుస్తుంది. వచ్చే ఏడు మళ్లీ అదే బడికి వెళ్లగలిగితే ఇంకా మంచిది. అమెరికాలో శని ఆదివారాల్లో పిల్లలకి తెలుగు నేర్పే మనబడి క్లాసులు చెప్పే తెలుగువాళ్లని చూడండి. జీతం లేదు, కానీ ఆ ఊళ్లోనే ఉంటారు, ఆ పిల్లలకే ఏడాదంతా చెబుతారు. అలాంటి నిలకడ ఏడు వారాల మనిషికి మళ్లీ మళ్లీ వెళ్లడం వల్లే వస్తుంది.

వెళ్లేముందు అవతలివాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతున్నారో గమనించండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, పాత ఆఫీసు నుంచి ఒక మాట, ఏం చదివారు, ఎప్పుడైనా పాఠం చెప్పారా అని అడిగితే వాళ్లు పిల్లల గురించి ఆలోచిస్తున్నట్టు. కార్డు నంబర్ మాత్రమే అడిగితే అక్కడితో ఆగండి. మీరు కూడా అడగాలి: మీ ఫీజులో బడికి వెళ్లేదెంత, నేను వచ్చే వారాల్లో బడి ఉంటుందా, నాకు ముందు వచ్చిన వాలంటీర్ ఏం చెప్పి వెళ్లారు? మూడో ప్రశ్నకి చాలా చోట్ల జవాబుండదు. మా బడిలోనూ లేదు. అందుకే వచ్చేముందు బహినీ, నేను కలిసి ఒక లావుపాటి రిజిస్టర్ కొని, మొదటి పేజీలో నేపాలీలో, ఇంగ్లిష్‌లో తేదీ వేసి, ఏ పాఠం ఎక్కడిదాకా వచ్చిందో రాశాం. పైన పెద్దక్షరాలతో ‘రంగులు అయిపోయాయి’ అని ఆమే రాసింది.

మొదటి ఏడాదికే ఏజెన్సీ దారి వదిలేశాను. ఇప్పుడు మేం కొంతమందిమి కలిసి నెలనెలా వేసుకున్న డబ్బు, కమిటీ రసీదు మీద, బడి ఖాతాకే వెళ్తుంది. నిజీ స్రోత్ టీచర్ల జీతానికి అడవి సమూహం సగం, ఆమా సమూహ్ కొంత, మిగిలింది మేం. ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించేది వాళ్లే.

మొన్న వైశాఖంలో బడి తెరిచిన రోజు బహినీ వాయిస్ మెసేజ్ పంపింది, ఇంగ్లిష్‌లో, ఎక్కడా తడుముకోకుండా. ఒకటో తరగతిలో ఈసారి పదకొండు మంది చేరారట. బోర్డింగ్ బడి నుంచి ఇద్దరు తిరిగొచ్చారట. నార్వే నుంచి ఒకమ్మాయి వాలంటీర్‌గా వస్తానని రాసిందని, కమిటీవాళ్లు ఆమెకి రిజిస్టర్ పేజీల ఫొటోలు పంపి, దశైఁ అయ్యాక రమ్మన్నారని చెప్పింది. చివర్లో, “దిదీ, ఏడో క్లాసుకి బీజగణితం మొదలుపెట్టాలి, ఆదివారం ఒక గంట ఫోన్‌లో దొరుకుతారా?” అని అడిగింది.